ఎవరి చెట్టు కల్లు?

ఎక్సైజు శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. దాడికి ఎలా వెళ్ళాలి, కేసు కోర్టులో ఎలా నిలబెట్టాలి అని అడుగుతారు. అవి ఆఫీసులోనే నేర్పుతారు. నేర్పకపోయినా కొన్నాళ్ళకు వాటంతటవే వస్తాయి. నేనిక్కడ రాస్తున్నది వాళ్ళెవరూ అడగని సంగతి. మనం కాపలా కాసే సరుకు రుచి మనకు తెలియాలి. మంచి కల్లు తాగి ఆనందించడం రానివాడు చెడ్డ కల్లును పట్టుకోలేడు. సర్వీసంతా చేశాక నాకు మిగిలిన అభిప్రాయం ఇదే.

నా పేరు ప్రభుదాసు. మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారు మిషను బడిలో మాస్టారు. మా ఇంట్లో కల్లు అనే మాట కూడా ఎవరూ అనేవారు కాదు. సబిన్‌స్పెక్టరుగా నాకు ఉత్తర్వులు వచ్చిన రోజు అమ్మ ప్రార్థన చేసుకుని, "పోనీలే నాన్నా, తాగేవాళ్ళని మాన్పించే ఉద్యోగమే కదా" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ ఉద్యోగం మాన్పించేది కాదని నాకు అప్పటికే తెలుసు. అమ్మతో మాత్రం అనలేదు.

మూర్తి గారు

తొంభైల మొదట్లో రాజోలులో మా సీఐ మూర్తి గారు. అమలాపురం మనిషి. తెల్లచొక్కా వేసుకుని, బక్కగా, హైస్కూలు లెక్కల మాస్టారులా ఉండేవారు. నేను చేరిన వారంలోనే ఒక పొద్దున్న నన్ను జీపెక్కించుకుని కాలవగట్టు మీద ఒక కొబ్బరితోటకు తీసుకెళ్ళారు. గంగరాజు అనే గీత కార్మికుడు అప్పుడే చెట్టు దిగుతున్నాడు. నడుముకు లొట్టి వేలాడుతోంది. లొట్టి అంటే గీసిన పూగెల కింద కట్టే మట్టికుండ. చెట్టు మొదట్లో అతని భార్య నాగమణి కూర్చుని తాటాకులు మడిచి దొప్పలు కడుతోంది.

"పుచ్చుకుంటావా?" అన్నారు మూర్తి గారు నాతో.

"అలవాటు లేదండి."

"అలవాటు చేసుకోమనడం లేదయ్యా. రేపు ఏదో దుకాణంలో కల్తీ ఉందని నువ్వు సంతకం పెట్టాలి. మంచిదెలా ఉంటుందో ఎరగకుండా ఎలా పెడతావు?"

నాగమణి దొప్పలో పోసి ఇచ్చింది. "భయపడకండి బాబు గారూ. ఇప్పుడే దించేరు. ఇంకా తియ్యగానే ఉంటాదండి" అంది.

ముందు కొబ్బరినీళ్ళ చలవ తగిలింది. దాని వెనక పలచని తీపి. ఆ తీపి తగ్గుతుండగా నాలుక పక్కల చిన్న పులుపు, గొంతులో సన్నగా చిటచిట. మింగాక నోట్లో తడిసిన ఆకు వాసన లాంటిది ఏదో మిగిలింది. నాకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది. మూర్తి గారు అది కనిపెట్టినట్టున్నారు. "బాగుంటే బాగుందని చెప్పు. గీసినవాడు వింటాడు" అన్నారు.

"బాగుందండి" అన్నాను గంగరాజుతో. అతను తల వంచుకుని కత్తి తుడుచుకున్నాడు.

ఆ తరువాత ఏడాది పొడుగునా మూర్తి గారు నాకు కోనసీమంతా రుచి చూపించారు. ఒకే తోటలో రెండు చెట్ల కల్లు ఒకలా ఉండదని అప్పుడే తెలిసింది. సముద్రం వైపు ఇసక నేలలో చెట్ల కల్లు పలచగా, చివర్లో కాస్త ఉప్పదనంతో ఉండేది. గోదావరి లంకల్లో ఎండాకాలం తాటికల్లు చిక్కగా, ఘాటుగా ఉండేది. పొద్దున్న ఏడింటికి తాగింది మధ్యాహ్నానికి వేరే సరుకైపోయేది. లొట్టి ఎలా కడిగారు, గెల ఎంత పలచగా కోశారు అన్నదాన్ని బట్టి కూడా రుచి మారేది. కల్లు ఇష్టపడే వాళ్ళు ఎంత అని అడిగేవారు కాదు, "ఎవరి కల్లండి?" అని అడిగేవారు. రిటైరైన పోస్టుమాస్టరు గారొకరు రెండు తోటలు దాటుకుని సైకిలు మీద గంగరాజు చెట్ల కిందకే వచ్చేవారు. శనగలు నములుతూ, ఒక దొప్ప గంటసేపు తాగుతూ, అందరితో కబుర్లు చెప్పి వెళ్ళేవారు.

మూర్తి గారు ఏ చెట్టు కిందా ఒక దొప్ప దాటేవారు కాదు. ఆయన నాలుక మీద నాకు మరీ నమ్మకం ఏర్పడడం చూసి, ఆయనే ఒకరోజు ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన కల్లు పలచగా ఉంటే నీళ్ళు కలిపాడని కేసు రాశారట. ముందు రెండు రోజులు ముసురు పట్టి ఉందన్న సంగతి ఆలోచించలేదట. వాన నీళ్ళు లొట్టిలో పడ్డాయి. తరువాత తెలిసి, ఆ ముసలాయన ఇంటికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పి, కేసు వెనక్కి తీసుకున్నారట. "నాలుక చెప్పింది వెంటనే రాసెయ్యకు. చెట్టు దగ్గరకెళ్ళి ఒకసారి పైకి చూడు" అన్నారు. మా శాఖలో నాకు తగిలిన అధికారుల్లో కింది మనిషి ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నది ఆయన ఒక్కరే.

డ్రమ్ము

తరువాత నాకు బదిలీలయ్యాయి. మద్యనిషేధం వచ్చింది, పోయింది. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా సీఐనై మళ్ళీ రాజోలు వచ్చాను. వచ్చిన మర్నాడే కాలవగట్టుకు వెళ్ళాను. గంగరాజు చెట్టు మీద ఉన్నాడు గాని, కింద దొప్పలు లేవు, తాగేవాళ్ళు లేరు. నాగమణి లొట్టిల్లోంచి ప్లాస్టిక్ క్యానులోకి వంపుతోంది.

"మీ కల్లు రుచి చూద్దామని వచ్చేనమ్మా" అన్నాను.

"ఇక్కడ అమ్మకూడదండి ఇప్పుడు. దుకాణం కాడికెళ్ళాలండి" అంది.

గంగరాజు దిగివచ్చాడు. జుట్టు నెరిసింది. "దుకాణంలో మీదేదో ఎలా తెలుస్తుందయ్యా?" అని అడిగాను.

"నాదీ, ఇంకోడిదీ అని లేదండి. అందరూ డ్రమ్ములో పోసేయడమేనండి. రాంబాబు గారు చూసుకుంటారండి."

కాగితాల మీద ఆ దుకాణం గీత కార్మికుల సంఘానిది. నడిపేది రాంబాబు. అతను ఏనాడూ చెట్టెక్కలేదు. పెట్టుబడి అతనిది, మనుషులు అతని మనుషులు. సంఘం సభ్యులు కల్లు తెచ్చి పోసి, అతను ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళాలి.

ఆ సాయంత్రమే మామూలు చొక్కాతో దుకాణానికి వెళ్ళి ఒక గ్లాసు అడిగాను. తీపి నాలుక కొసకు అంటుకుని వదల్లేదు. పులుపు లేదు, చిటచిట లేదు. కాసేపటికి పెదవులు మొద్దుబారినట్టయింది. అంతకంటే నన్ను భయపెట్టింది అక్కడి నిశ్శబ్దం. కల్లు తాగినవాళ్ళు కబుర్లాడుకుంటారు, ఎకసెక్కాలాడుకుంటారు, పాత గొడవలు తవ్వుకుంటారు. అక్కడ ఇరవై ముప్ఫై మంది ఉన్నారు, ఒక్కడూ మాట్లాడటం లేదు. గ్లాసు ఖాళీ చేసి, గోడకు ఆనుకుని, తలలు వాల్చేసి ఉన్నారు.

శుద్ధమైన కల్లు మర్నాటికి నిలవదు. గీసినంతే ఉంటుంది, ఎక్కువ చేయడం కుదరదు. డ్రమ్ములో నీళ్ళు పోసి, శాకరిన్ వేసి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్ అనే పొడి కలిపితే ఎంత కావాలంటే అంత అవుతుంది. ఆ మత్తుకు అలవాటుపడిన ఒళ్ళు మళ్ళీ అదే అడుగుతుంది. ఇది నా నాలుక చెప్పింది. నేను వెంటనే రాయలేదు. సీసాల్లో నమూనాలు తీసి, లక్క సీలు వేసి పరీక్షకు పంపాను. పొడి ఉందనే జవాబు వచ్చింది.

మూసిన తరువాత

పై అధికారి ఒకాయన జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. నివేదిక చూసి, ఆ క్షణమే దుకాణం మూసెయ్యమన్నారు. మూయవలసిందే. అందులో నాకూ రెండో మాట లేదు.

"ఒక్కసారిగా మత్తు ఆగిపోతే ఈ మనుషులు తట్టుకోలేరండి. ముందు ఆసుపత్రివాళ్ళకి చెప్పి, ఊళ్ళో దండోరా వేయిద్దామండి" అన్నాను.

"కల్లు దుకాణం మూస్తే డాక్టర్లకి చెప్పాలా? ఏం మాటలయ్యా ఇవి?" అన్నారాయన. మూసి, సీలు వేసి, ఫొటో తీయించుకుని వెళ్ళిపోయారు.

నేను ఆయన కారు కదలగానే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ డాక్టరు గారు సంగతి విని వెంటనే మందులు తెప్పించి, మంచాలు సిద్ధం చేయించారు. మా కానిస్టేబుళ్ళు పేటల్లో తిరిగి, వణుకు వచ్చినా, మాట తడబడినా ఆసుపత్రికి రమ్మని చెప్పారు. మర్నాటి నుంచి రావడం మొదలైంది. చేతులు వణుకుతున్నవాళ్ళు, గోడ మీద పాములున్నాయని అరుస్తున్నవాళ్ళు, సొంత పిల్లల్ని గుర్తుపట్టనివాళ్ళు. చాలామందిని ఆ డాక్టరు గారు గట్టెక్కించారు.

సూర్యారావును మాత్రం ఆలస్యంగా తెచ్చారు. అతను కొబ్బరికాయలు వలిచే కూలి. పిచ్చిగా మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని, మంచానికి కట్టేసి, భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఫిట్స్ మొదలయ్యాక ఆటోలో వేసుకొచ్చారు. ఆ మధ్యాహ్నమే పోయాడు.

అతని భార్య మంగ ఆసుపత్రి వరండాలో స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"తాగినన్నాళ్ళూ బతికే ఉన్నాడండి. మాన్పించేక పోయేడండి. ఇదేంటండి?" అని అడిగింది.

"కల్లు వల్ల కాదమ్మా. దాంట్లో మత్తుపొడి కలిపేరు. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది" అన్నాను.

"ఎవరండి కలిపినోళ్ళు?"

నాకు తెలుసు. సాక్ష్యం లేకుండా పేరు చెప్పకూడదు. "తేలుస్తామమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో ఎన్నో తిట్లు తిన్నాను. ఆ చూపు ముందు అవేవీ లెక్కలోకి రావు.

నాగమణి

రాంబాబు వకీలు ఎత్తిన వాదన తేలికైనది. లైసెన్సు సంఘానిది, కల్లు పోసింది సంఘం సభ్యులు, కాబట్టి కలిపింది వాళ్ళే. పై అధికారికి కూడా అది నచ్చింది. కేసు తొందరగా తెగిపోతుంది. ముద్దాయిల పేర్లలో మొదటి పేరు గంగరాజుది.

"అయ్యా, చెట్టు దగ్గర నమూనాలు తీయనివ్వండి. పైనున్న లొట్టిలో ఏముందో, డ్రమ్ములో ఏముందో పక్కపక్కన పెడదామండి" అని బతిమాలాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నారు. దుకాణం మూసినా, గెల ఎండిపోకుండా గీత మాత్రం రోజూ సాగుతూనే ఉంది. పెద్దమనుషుల్ని వెంటపెట్టుకుని, తెల్లవారుతూనే తోటలన్నీ తిరిగాము. చెట్టు మీంచి లొట్టి దింపగానే అందరి ముందూ సీసాలో పోసి సీలు వేశాము. ఏ ఒక్కదాంట్లోనూ పొడి లేదని వచ్చింది. గీత కార్మికులు చెట్టు దగ్గర కలపలేదని తేలింది. డ్రమ్ములో ఎవరు కలిపారన్నది ఇంకా మిగిలింది. చూసినవాళ్ళు ఉన్నారు. చెప్పేవాళ్ళు లేరు. రాంబాబు అప్పటికే తోటల రైతులందరికీ కబురు పెట్టాడు. నోరు విప్పినవాడికి గీసుకోవడానికి చెట్లు ఇవ్వద్దని.

నేను గంగరాజు ఇంటికి వెళ్ళాను. అతను చేతులు జోడించాడు. "నన్నొదిలేయండి బాబూ. చెట్లు పోతే మేమెలా బతకాలండి?"

అతని భయంలో అబద్ధం లేదు. నేను లేచి వచ్చేస్తుంటే నాగమణి వాకిట్లోకి వచ్చింది.

"నేను చూసేనండి. క్యాను పట్టుకెళ్ళింది నేనే కదండీ రోజూ. రాంబాబు గారు దగ్గరుండి పొట్లాలు వేయించేవోరండి. కర్రెట్టి కలిపించేవోరండి."

"నువ్వూరుకోవే" అన్నాడు గంగరాజు లోపలి నుంచి.

ఆమె అతని వైపు తిరగలేదు. "నిన్న సూర్యారావు గారి మంగ వచ్చిందండి. ఏమీ అడగలేదండి. కాసేపు అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగింది. వెళ్ళిపోయిందండి. తిట్టినా బాగుండునండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "కోర్టులో చెప్పాలాండి?"

"చెప్పాలమ్మా. వాళ్ళ వకీలు గుచ్చి గుచ్చి అడుగుతాడు."

"ఆయ్, చెబుతానండి."

విచారణకు వచ్చేసరికి చాలాకాలం పట్టింది. ఈలోగా కొందరు రైతులు గంగరాజుకు చెట్లు ఆపేశారు. కాలవగట్టు రైతు సుబ్బరాజు గారు మాత్రం, "మా తోటలో ఎవరు గీయాలో నాకు ఇంకోడు చెప్పక్కర్లేదండి" అని ఊరుకున్నారు. ఆ కాసిని చెట్ల కల్లు పక్క ఊరి దుకాణానికి పోసుకుంటూ వాళ్ళు గడుపుకున్నారు.

కోర్టులో నాగమణి మామూలు నేతచీరలో వచ్చి బోనెక్కింది. చూసింది చూసినట్టు చెప్పింది. రాంబాబు వకీలు లేచాడు.

"నువ్వు కల్లు తాగుతావా?"

"తాగుతానండి. మా ఆయన గీసింది."

"అయితే ఆ రోజుల్లో మత్తులో ఉండి ఏదో చూశాననుకుంటున్నావు."

ఆమె జడ్జి గారి వైపు తిరిగింది. "మా చెట్టు కల్లు తాగితే మాటలొస్తాయండి. ఆ డ్రమ్ముది తాగితే మాట పడిపోద్దండి. నేను డ్రమ్ముది ముట్టుకోలేదండి. అందుకే ఇలా నిలబడి చెప్పగలుగుతున్నానండి."

జడ్జి గారు ఆ మాట రాయించుకున్నారు. గంగరాజు పేరు, మిగతా గీత కార్మికుల పేర్లు కేసులోంచి తొలగిపోయాయి. రాంబాబుకు శిక్ష పడింది. పై కోర్టుకు వెళ్ళి దాన్ని తగ్గించుకున్నాడు. సూర్యారావు చావుకు అతను కారణమని ఏ తీర్పులోనూ రాయలేదు. కొత్తవాళ్ళు ఇది తెలుసుకోవాలి. మనం కట్టిన కేసు గెలిచినా, జరిగిన నష్టం మొత్తం అందులోకి రాదు. రానిదాన్ని మనం మరిచిపోకూడదు.

మళ్ళీ చెట్ల కిందకి

ఎవరి చెట్లు వాళ్ళే గీసుకుని, ఆ చెట్ల కిందే అమ్ముకునేలా విడివిడిగా లైసెన్సు ఇచ్చే ఏర్పాటు మా శాఖలో ఉంది. రాజోలు వైపు ఎవరూ దాన్ని అడగలేదు. రాంబాబు అడగనివ్వలేదు. దుకాణం రద్దయ్యాక గంగరాజు అడిగాడు, అతని వెనక మిగతావాళ్ళు అడిగారు. సర్వీసులో నేను మనస్ఫూర్తిగా చేసిన పని ఏదంటే, ఆ లైసెన్సులు ఇప్పించడమే అంటాను.

ఆ తరువాత కొన్నేళ్ళు కాలవగట్టు మళ్ళీ కళకళలాడింది. బడి మాస్టార్లు, కొబ్బరి వ్యాపారులు, సెలవు మీద వచ్చిన గల్ఫువాళ్ళు దొప్పలు పట్టుకుని కూర్చునేవారు. గల్ఫులో ఏవేవో దేశాల బీర్లు చూసివచ్చినవాళ్ళు కూడా ఇక్కడి రెండు చెట్ల తేడా గురించి వాదించుకునేవారు. ఒకాయన పొద్దుటి తీపి కల్లే కల్లు అనేవాడు. ఇంకొకాయన పదకొండు దాటాక పులుపు తిరిగినదే అసలైనదనేవాడు. నేను తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ఒక్క దొప్ప తాగి, ఎవరి వాదనలోకీ దిగకుండా వినేవాణ్ణి. నాకు అదొక సుఖం. అధికారి సుఖపడకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచి సరుకు, దాని వెనక ఒక పేరు, ఎదురుగా నిలబడే మనిషి. ఈ మూడూ ఉన్నచోట కల్తీకి చోటు తక్కువ. ఎవరిదో తెలియకుండా ఒక్కచోట పోసినప్పుడే అది మొదలవుతుంది.

ఒక పొద్దున్న నేను ఆ తోటలో ఉండగానే మంగ వచ్చింది. చేతిలో మూతపెట్టిన ఇత్తడి చెంబు ఉంది. ఆమెను ఆసుపత్రిలో చూశాక మళ్ళీ అంత దగ్గరగా చూడటం అదే. తాగుతున్నవాళ్ళు గుర్తుపట్టి జరిగి దారి ఇచ్చారు. నాగమణి లేచి నిలబడింది.

"రా అక్కా" అంది.

"ఇయ్యాల ఆయన పోయిన రోజు" అంది మంగ. "ఫొటో ముందు అన్నీ పెడతన్నాను ఏటేటా. ఇది మట్టుకు పెట్టలేదు. ఇష్టంగా తాగేవోడు. ఏ చేతి కల్లు పెట్టను అని ఊరుకున్నాను."

గంగరాజు చెట్టు మీద ఉన్నాడు. అతను పైనుంచి అంతా విన్నాడు. గబగబా దిగకుండా, ఎప్పటిలాగే ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ దిగి, నడుముకున్న లొట్టి విప్పి మంగ ముందు పెట్టాడు. నాగమణి చెంబు అందుకోబోయింది. మంగ ఇవ్వలేదు.

"ముందు నాకు కొంచెం పొయ్యి" అంది.

"నువ్వు తాగవు కదక్కా."

"తాగను."

నాగమణి దొప్పలో కొద్దిగా పోసి ఇచ్చింది. మంగ అక్కడే నిలబడి, అందరి ముందూ, ఆ కొంచెమూ తాగింది. వేలితో పెదవులు తడుముకుని చూసుకుంది. గంగరాజు తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

అప్పుడు ఆమె చెంబు మూత తీసి నాగమణి ముందుకు చాపింది.

"నిండా పొయ్యి" అంది.